రెండు బుడగల నడుమ పొర



బెల్లం వండేవాళ్లకు తెలిసిన కిటుకు ఒకటి ఉంది. మన జహీరాబాద్ వైపు చెరకు పండుతుంది కాబట్టి వినేవాళ్లలో కొందరు దీన్ని కళ్లారా చూసే ఉంటారు. కడాయిలో రసం ఉడికి, నురగ అంచు దాటి పొంగబోయే వేళకు నాలుగు చుక్కల నూనె వేస్తారు. ఆముదమో, పల్లీ నూనో. అంత పొంగూ చూస్తుండగానే దిగిపోతుంది. మంట తగ్గించింది లేదు, రసం తోడింది లేదు. మరి నూనె చేసిందేమిటి?

నురగ అంటే బుడగల గుంపు. ఒక బుడగకూ పక్క బుడగకూ నడుమ పలుచని రసం పొర ఉంటుంది. నూనె చుక్క ఆ పొరలోకి చొరబడి దాన్ని తెంపేస్తుంది. పొర తెగగానే రెండు బుడగలు ఒకటవుతాయి. అలా కలిసి కలిసి పెద్దవై, పైకొచ్చి పగిలిపోతాయి. ఇన్ని మాటల్లో చెప్పింది నిజానికి రెప్పపాటులో జరిగిపోతుంది. ఆ పొర ఎప్పుడు తెగుతుంది, తెగాక ఏమవుతుంది అన్నదాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపించడం ఇవాళ్టి సైన్సులో పెద్ద పని. ఈరోజు మన ముచ్చట దాని గురించే.

ఈ పని మనకు మరీ దూరంలో ఏమీ జరగడం లేదు. కోహీర్ నుంచి బొంబాయి రోడ్డెక్కి హైదరాబాద్ దిక్కు పోతే సదాశివపేట, సంగారెడ్డి దాటాక కంది వస్తుంది. అక్కడ ఐఐటీ హైదరాబాద్ ఉంది. పేరు హైదరాబాద్‌దే గాని ఉన్నది మన సంగారెడ్డి జిల్లాలోనే. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా మొదలై, 2015లో కందికి మారింది. అక్కడి కెమికల్ ఇంజనీరింగ్ విభాగానికి చెందిన కీర్తి చంద్ర సాహు, మనోజ్ కుమార్ త్రిపాఠీ, అప్పట్లో హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ కేంద్రంలో పనిచేస్తున్న రమా గోవిందరాజన్ కలిసి 2015లో నేచర్ కమ్యూనికేషన్స్ అనే పత్రికలో ఒక పరిశోధన పత్రం అచ్చువేశారు. విషయం చాలా చిన్నది: కదలని ద్రవంలో ఒక గుండ్రని గాలిబుడగను వదిలితే అది పైకి పోతూ ఏమవుతుంది?

చిన్న ప్రశ్నే. జవాబు మాత్రం ఐదు రకాలుగా వచ్చింది. కొన్ని బుడగలు చుట్టూ ఒకేలా ఉండే ఆకారంతో తిన్నగా పైకి పోతాయి. కొన్నిటికి అడుగు అంచు లంగా కుచ్చెళ్లలా వేలాడుతుంది. కొన్ని వంకరటింకరగానో, మెలికలు తిరుగుతూనో పోతాయి. కొన్ని అంచుల దగ్గర తునకలవుతాయి. మరికొన్నిటికి నడిమధ్య చిల్లు పడి గాజులాంటి వలయమవుతుంది. ఏ బుడగకు ఏ గతి పడుతుందో తేల్చేవి ప్రధానంగా రెండు అంకెలు. ఒకటి, బుడగను పైకి నెట్టే బలానికీ ద్రవం చిక్కదనానికీ ఉన్న నిష్పత్తి. రెండోది, అదే బలానికీ ఉపరితలాన్ని బిగించే తలతన్యతకూ ఉన్న నిష్పత్తి. ఈ రెండింటినీ మార్చి మార్చి లెక్కలు వేసి, ఎక్కడ ఏది జరుగుతుందో ఆ బృందం ఒక పటం గీసింది. ఇదంతా ఒంటరి బుడగ కథ. 2017లో వాళ్లే మరో సహచరురాలితో కలిసి రెండు బుడగల సంగతి మొదలుపెట్టి, ఫిజికల్ రివ్యూ ఫ్లూయిడ్స్ అనే పత్రికలో ప్రచురించారు. రెండో బుడగ వచ్చాకే అసలు చిక్కు మొదలవుతుంది.

ముందుగా, బుడగలు అసలు ఎందుకు కలవాలనుకుంటాయో చూద్దాం. నీటి ఉపరితలానికి ఎప్పుడూ కుంచించుకోవాలనే ఉంటుంది. తలతన్యత అంటే అదే. ఒకే సైజు బుడగలు రెండు కలిస్తే లోపలి గాలి అంతే ఉంటుంది గాని, పైతొడుగు నూటికి ఇరవై పాళ్లు తగ్గిపోతుంది. ఎనిమిది కలిసి ఒకటైతే పైతొడుగు సగమవుతుంది. వెయ్యి కలిస్తే పదో వంతే మిగులుతుంది. అందుకే దారి దొరికితే బుడగలు కలుస్తూనే పోతాయి.

ఈ అంకెలతో ఫ్యాక్టరీలకు డబ్బు లెక్కలు ముడిపడి ఉన్నాయి. మన కోహీర్ మండలంలోనే దిగ్వాల్‌లో మందుల ఫ్యాక్టరీ ఉంది. మందుల పరిశ్రమలో ద్రవంలోకి వాయువును బుడగలుగా పంపి జరిపే రసాయన చర్యలు చాలా ఉంటాయి. సూక్ష్మజీవులను పెంచే పెద్ద పాత్రల్లోకి ఆక్సిజన్ పంపాలి. మురుగునీటి శుద్ధిలో గాలి ఊదాలి. వాయువు ద్రవంలోకి దిగేది బుడగ పైతొడుగు గుండానే. బుడగలు దారిలో కలిసిపోయాయంటే తొడుగు తగ్గింది, కరిగే వాయువు తగ్గింది, కంప్రెసర్‌కు పెట్టిన కరెంటు వృథా అయింది. ఎంత ఎత్తు పాత్ర కట్టాలి, గాలి ఎక్కడి నుంచి ఊదాలి, ఎంత వేగంగా కలియబెట్టాలి అన్నవన్నీ బుడగలు ఎంత త్వరగా కలుస్తాయన్న లెక్క మీద ఆధారపడతాయి. పాత్ర కట్టేశాక తప్పు తెలిస్తే సరిదిద్దుకోవడం ఖరీదైన పని. కాబట్టి ముందే కంప్యూటర్‌లో కట్టి చూసుకుంటారు.

ఇక రెండు బుడగల కలయికను దగ్గరగా చూద్దాం. ఒకదాని వెనుక ఒకటి పైకి పోతుంటే, ముందు బుడగ నీళ్లలో వదిలిన ప్రవాహపు జాడలోకి వెనుకది చొరబడి, దానికి ఎదురు తగ్గడంతో వేగం పెంచి అందుకోవచ్చు. పక్కపక్కన పోయే బుడగల తీరు వేరు. ఫ్రాన్స్‌లోని తులూజ్ పరిశోధకులు లెజాండ్ర్, మాన్యోదే, ముజాఁ 2003లో చూపించినదేమంటే, జడత్వం పైచేయిగా ఉన్నప్పుడు పక్కపక్క బుడగలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, చిక్కదనం పైచేయి అయితే దూరం నెట్టుకుంటాయి.

సరే, దగ్గరికొచ్చాయి అనుకోండి. అప్పుడు కూడా కలుస్తాయని నమ్మకం లేదు. గట్టిగా గుద్దుకుంటే ఎగిరి వెనక్కి పోతాయి. మెల్లగా ఆనుకుంటేనే కలుస్తాయి. వినడానికి తలకిందులుగా ఉంది కదా! కారణం ఆ నడిమి పొరే. వేగంగా వచ్చిన బుడగలు ఎదురెదురు ముఖాలు చదునై, మధ్యలో వెడల్పాటి నీటి పొరను ఇరికించుకుంటాయి. ఆ నీరంతా పక్కలకు జారిపోవాలి. జారేలోపే బుడగలు తిరిగి విడిపోతాయి. మెల్లగా వచ్చినప్పుడు పొర చిన్నదిగా ఉంటుంది, జారడానికి వ్యవధి దొరుకుతుంది. పొర పలుచబడి పలుచబడి వంద నానోమీటర్లకు, ఇంకా కిందికి దిగుతుంది. అంటే తల వెంట్రుక మందంలో ఏ ఏడెనిమిది వందల వంతో. ఆ మందంలో అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణలు కూడా ముఖ్యమైపోతాయి. ఎక్కడో ఒకచోట చిల్లు పడుతుంది. అక్కడి నుంచి తలతన్యత పని అందుకుంటుంది. మిల్లీమీటరు సైజు బుడగల్లో ఆ చిల్లు అంచులు వెనక్కి లాగుకుపోయి, కొన్ని మిల్లీసెకన్లలో రెండూ ఒక్కటైపోతాయి.

దీన్ని కంప్యూటర్‌కు ఎలా చెప్పాలి? నీటి కదలికకు సూత్రాలు పందొమ్మిదో శతాబ్దంలోనే తయారయ్యాయి. నావియర్, స్టోక్స్ పేర్లతో ఉన్న సమీకరణాలవి. వాటిని బుడగల లాంటి చోట కాగితం మీద సాధించడం కుదరదు. అందుకని పొలాన్ని మడులుగా చేసినట్టు, నీరున్న జాగానంతా చిన్న చిన్న గడులుగా కోస్తారు. ఒక్కో గడిలో వేగమెంత, పీడనమెంత అని లెక్కించి, పక్క గడికి చెప్పి, కాలాన్ని ఒక పిసరు ముందుకు జరిపి, మళ్లీ లెక్కిస్తారు. బుడగ అంచు ఎక్కడుందో తెలియడానికి ఒక ఉపాయం ఉంది. 1981లో హర్ట్, నికల్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు దీన్ని ప్రచురించారు. ప్రతి గడికీ ఒక అంకె ఇస్తారు. గడి నిండా నీరుంటే 1. నిండా గాలి ఉంటే 0. అంచు గడి మీదుగా పోతుంటే ఆ రెండింటి నడిమి అంకె. ఎంత సులువైన ఆలోచన! ఇవాళ్టికీ ఎక్కువమంది వాడేది ఈ పద్ధతినే.

బుడగలు కలవడం దగ్గరికొచ్చేసరికి ఈ సులువే ఇబ్బంది పెడుతుంది. రెండు బుడగల అంచులు ఒకే గడిలోకి వచ్చాయనుకోండి. ఆ గడికి తెలిసింది తనలో నీరెంత పాలన్నదే. అక్కడ ఒక అంచు ఉందా, నడుమ పొరతో రెండు అంచులు ఉన్నాయా అన్నది దానికి తెలియదు. పొర లెక్కలోంచి మాయమైపోతుంది. తెర మీద బుడగలు చక్కగా కలిసిపోతాయి. కాని వాటిని కలిపింది ప్రకృతి కాదు, గడి. గడిని సగం చేసి మళ్లీ లెక్కిస్తే ఇంకొంచెం ఆలస్యంగా కలుస్తాయి. ఇంకా చిన్నది చేస్తే ఇంకా ఆలస్యం. అలాంటప్పుడు ఫలానా క్షణంలో కలిశాయని చెప్పడంలో అర్థమేముంది?

గడిని పొర మందమంత చిన్నది చేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. లెక్క చెబుతాను, కాగితం అక్కర్లేదు. ఒక మిల్లీమీటరును వంద నానోమీటర్ల ముక్కలు చేస్తే పది వేలు. పొడవు పది వేలు, వెడల్పు పది వేలు, ఎత్తు పది వేలు. మొత్తం లక్ష కోట్ల గడులు. ఇది ఒక్క మిల్లీమీటరు ఘనానికే. అందులో రెండు బుడగలకు చోటే చాలదు. పైగా పొర మందానికి దొరికింది ఒక్క గడి. నిజంగా పొరను చూడాలంటే అరడజను గడులైనా కావాలి. ఒక్కో గడికి ఎనిమిది బైట్ల అంకెలు ఎనిమిది దాచుకున్నా ఒక్క క్షణపు చిత్రానికే 64 టెరాబైట్లు. అంత చిన్న గడుల్లో తలతన్యత అలల లెక్క చెదిరిపోకుండా ఉండాలంటే కాలాన్ని సుమారు నానోసెకను చొప్పున జరపాలి. ఒక మిల్లీసెకను దాటడానికి పది లక్షల అడుగులు. కంది ఐఐటీలో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద పెట్టిన పరమ్ సేవ అనే సూపర్ కంప్యూటర్ ఉంది. దాని సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. అంతటి యంత్రాన్నయినా ఒక్క జంట బుడగల కోసం రోజుల తరబడి ఎవరిస్తారు?

అందుకే రకరకాల దారులు వెతికారు. మొదటిది, గడులన్నీ ఒకే సైజులో ఉండాలన్న నియమాన్ని వదిలేయడం. బుడగ అంచు దగ్గర సన్నని గడులు, దూరంగా పోయేకొద్దీ పెద్ద గడులు. అంచు జరిగితే సన్నని గడులు కూడా దాని వెంట జరుగుతాయి. ఫ్రాన్స్ శాస్త్రవేత్త స్టెఫాన్ పోపినే తయారుచేసిన జెరిస్ అనే ప్రోగ్రాంలో ఈ ఏర్పాటు ఉంది. కంది బృందం 2015లో వాడింది దాన్నే. ఇది ఎంతో ఖర్చు తగ్గిస్తుంది, కాని పొర దగ్గరి చిక్కును పూర్తిగా విప్పదు.

రెండో దారి, అంచును గడుల్లోని అంకెగా కాక, ముడులు వేసిన వలలా వేరుగా మోసుకుపోవడం. ఉన్వెర్ది, ట్రిగ్వసన్ అనే శాస్త్రవేత్తలు 1992లో చూపిన పద్ధతి ఇది. ఇందులో బుడగలు ఎంత దగ్గరికొచ్చినా వాటంతట అవి కలవవు. ఇప్పుడు కలపమని మనమే చెప్పాలి. ఒక పద్ధతి అడగకుండానే కలుపుతుంది, మరొకటి అడిగితే తప్ప కలపదు. నన్నడిగితే రెండోదే నిజాయితీ ఉన్న పద్ధతి. కనీసం నిర్ణయం ఎవరు తీసుకున్నారో దాచదు. ఈమధ్య గడికో అంకె ఇచ్చే పద్ధతిలో కూడా ఒక్కో బుడగకు వేర్వేరు అంకెలు ఇచ్చి, పొర నీరు జారడానికి పట్టే సమయాన్ని విడిగా లెక్కగట్టి, ఆ సమయం పూర్తయ్యాకే కలవనివ్వడం చేస్తున్నారు.

మూడో దారి, ఏకంగా అణువుల దగ్గరికి పోవడం. నీటి అణువులు ఒక్కొక్కటీ ఎటు కదులుతాయో లెక్కగట్టడం. పొర తెగడాన్ని ఇక్కడ నేరుగా చూడవచ్చు. ఖర్చు మాత్రం వినండి. ప్రతి పక్కా వంద నానోమీటర్లున్న నీటి ఘనంలో మూడు కోట్లకు పైగా అణువులుంటాయి. కాలాన్ని ఫెమ్టోసెకను చొప్పున జరపాలి. ఒక మైక్రోసెకను నడపడానికి వంద కోట్ల అడుగులు. కాబట్టి పొరలో ఒక మూలను మాత్రమే ఇలా చూస్తారు. అక్కడ తేలిన సంగతిని పెద్ద లెక్కలో నియమంగా పెడతారు.

లెక్కకు ఇచ్చే అంకెలు కూడా ఎక్కడికక్కడ మారతాయి. చలికాలంలో వాతావరణ వార్తల్లో కోహీర్ పేరు వినబడేది మీకు తెలుసు, రాష్ట్రంలోకెల్లా చలి ఎక్కువగా ఉండే చోట్లలో మనదొకటి. 30 డిగ్రీల నీటితో పోలిస్తే 5 డిగ్రీల నీరు దాదాపు రెండింతలు చిక్కగా ఉంటుంది. ఆక్సిజన్ కూడా ఎక్కువ కరుగుతుంది: 30 డిగ్రీల దగ్గర లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములైతే, 5 డిగ్రీల దగ్గర పన్నెండున్నర దాటుతుంది. ఎండాకాలపు అంకెలతో చేసిన లెక్కను డిసెంబరులో అప్పజెబితే పొరపాటే వస్తుంది.

ఇంతకంటే ఇబ్బంది పెట్టేది ఉప్పు. మామూలు నీళ్లలో మెల్లగా ఆనుకున్న బుడగలు త్వరగానే కలుస్తాయి. అదే నీళ్లలో లీటరుకు సుమారు ఆరు గ్రాముల మామూలు ఉప్పు కలిపితే అది కలయికకు గట్టిగా అడ్డుపడుతుంది. సముద్రంలో లీటరుకు 35 గ్రాముల దాకా లవణాలుంటాయి కాబట్టి అక్కడ అలల బుడగలు సన్నగా ఉండి తెల్లని నురగ కడతాయి. తాగే బోరు నీళ్లలో అంత ఉప్పు ఉండదు. వింత ఏమిటంటే అన్ని లవణాలూ, ఆమ్లాలూ ఇలా చేయవు. ఆస్ట్రేలియాలో క్రెయిగ్, నినమ్, పాష్లీ అనే శాస్త్రవేత్తలు 1993లో వరుసగా పరీక్షించి చూస్తే కొన్ని అడ్డుకున్నాయి, కొన్నిటికి ఏ ప్రభావమూ లేదు. మామూలు ఉప్పు అడ్డుకుంటుంది, హైడ్రోక్లోరిక్ ఆమ్లం అడ్డుకోదు. ఎందుకన్నదానికి అందరూ ఒప్పుకున్న జవాబు ఇప్పటికీ లేదు. జవాబే తెలియనిదాన్ని కంప్యూటర్‌కు నియమంగా ఎలా రాసిస్తాం? తెర మీద కదిలే రంగుల బొమ్మ చూసి మురిసిపోయే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పూర్తిగా తేలని సంగతి ఇంకొకటి, మరీ చిన్న బుడగలది. బుడగ చిన్నదవుతున్నకొద్దీ లోపలి పీడనం పెరుగుతుంది. నీళ్లలో ఒక మైక్రోమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగలో బయటికంటే సుమారు ఒకటిన్నర వాతావరణాల పీడనం ఎక్కువ. వంద నానోమీటర్ల బుడగలో పద్నాలుగు వాతావరణాలు ఎక్కువ. అంత ఒత్తిడిలో గాలి నీళ్లలోకి కరిగిపోవాలి. ఎప్‌స్టీన్, ప్లెసెట్ అనే శాస్త్రవేత్తలు 1950లో వేసిన లెక్క ప్రకారం ఇలాంటి బుడగలు బతకవు. అయినా 2000 ప్రాంతంలో గట్టి ఉపరితలాలకు అతుక్కున్న నానో బుడగలను సూక్ష్మదర్శినులు చూపించాయి. అవి గంటలు, రోజులు నిలిచాయి. బుడగ అంచు ఉపరితలానికి పట్టుకుపోయి కదలకపోవడం, నీళ్లలో గాలి మోతాదుకు మించి కరిగి ఉండడం కలిస్తే ఇలా నిలవగలవని లోజే, ఝాంగ్ అనే శాస్త్రవేత్తలు 2015లో వివరించారు. కాని నీటి మధ్యలో స్వేచ్ఛగా తేలే నానో బుడగల సంగతి ఇంకా తేలలేదు. ఉన్నాయని కొందరు, అవి బుడగలు కావు మలినాల నలుసులని కొందరు వాదించుకుంటూనే ఉన్నారు.

ఈ మాట కావాలనే చెబుతున్నాను. నానో బబుల్ యంత్రాలంటూ చేపల చెరువులకూ, పంటలకూ ఇప్పుడు సరుకు అమ్ముతున్నారు. రేపు కోహీర్ జామతోటల దాకా ఎవరైనా వచ్చి, కంప్యూటర్ బొమ్మ చూపించి, బుడగలు నెలల తరబడి కలవకుండా నీళ్లలోనే ఉంటాయని చెబితే, తొందరపడకండి. ఆ బొమ్మలో బుడగల కలయికకు ఏ నియమం పెట్టారని అడగండి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను మీ ముందే, మీ బోరు నీళ్లతో, యంత్రం పెట్టకముందూ పెట్టాకా కొలిచి చూపమనండి. ఆ కొలత పరికరం దొరకని వస్తువేమీ కాదు.

ఇంటర్ చదివే పిల్లలకూ, వాళ్ల లెక్చరర్లకూ ఒక మనవి. ఇంటర్ భౌతికశాస్త్రంలో తలతన్యత పాఠం ఉంది, బుడగ లోపలి అదనపు పీడనానికి సూత్రం ఉంది. చాలామంది దాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేస్తారు. జెరిస్, దాని తర్వాత అదే పోపినే చేసిన బాసిలిస్క్, రెండూ ఉచితం. రెండు కొలతల్లో ఒక బుడగ లెక్కను మామూలు కంప్యూటర్ మీద నడపవచ్చు. కంది బృందం 2015 పత్రాన్ని కూడా ఇంటర్నెట్‌లో వెతికి చూడవచ్చు. రెండు బుడగల లెక్క ఒకటే తీసుకుని, పెద్ద గడులతో ఒకసారి, సన్నని గడులతో ఒకసారి నడిపి, బుడగలు కలిసిన సమయాలు రెండూ బోర్డు మీద రాయండి. ఆ రెండు అంకెలు ఎందుకు వేరయ్యాయో పిల్లల్నే చెప్పమనండి.